సెప్టిక్ ట్యాంకు బండిని కుదుర్చుకొనునపుడు తెలిసికొనవలసిన చట్ట నియమములు

రైతు సోదరులు వరికోత యంత్రమును కుదుర్చుకొనునపుడు గంటకు బాడుగ ఎంత, గింజ రాలునా, గడ్డి పనికివచ్చునా అని పది ప్రశ్నలు అడుగుదురు. ఎరువు బస్తా కొనునపుడు కుట్టు చూచి, రశీదు అడిగి తీసికొందురు. కాని ఇంటి మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు నిండి పొర్లినపుడు మాత్రము, గోడమీద వ్రాసియున్న ఫోను నంబరుకు కబురు చేసి, బండి వచ్చి ఖాళీ చేసిపోయిన చాలునని ఊరట చెందుదురు. ఆ బండి ఎవరిది? అందులో వచ్చిన మనిషి ట్యాంకులోనికి దిగునా? తీసికొనిపోయిన మడ్డిని ఎక్కడ పోయును? ఈ మూడు ప్రశ్నలు అడుగువారు అరుదు.

నేను ఒక గ్రామమునకు వంగతోటలో పురుగు చూచుటకు పోయినపుడు, ఆ తోట యజమాని నన్ను ముందుగా పంటకాలువ గట్టునకు తీసికొనిపోయెను. రాత్రివేళ ఎవరో ట్యాంకు బండి తెచ్చి కాలువలో మడ్డి పోసినారు. నీరు నల్లబడి దుర్వాసన కొట్టుచున్నది. నారు తీయుటకు వచ్చిన కూలి స్త్రీలు నీటిలో దిగుటకు ఒప్పుకొనక గట్టుమీద కూర్చుండిరి. "ఎవడో పుణ్యాత్ముడు చేసిన పని సార్, పట్టుకుంటే ఊరుకోను" అని ఆయన కోపించెను. పంచాయతీ కార్యదర్శితో కలిసి విచారింపగా, ఆ ముందురోజు సాయంకాలము ఆ ఊరిలో ట్యాంకు తీయించుకొన్నది ఒక్క ఇల్లే అని తెలిసినది. అది ఆ తోట యజమాని ఇల్లే! ఆయన బాడుగ చెల్లించి పంపిన మడ్డి, ఆయన పొలమునకు నీరు పారు కాలువలోనికే తిరిగివచ్చినది.

ఆయన దుర్మార్గుడు కాడు. బాడుగ చెల్లించినంతనే తన బాధ్యత తీరినదని అనుకొనెను. చట్టము మాత్రము అట్లు అనుకొనుట లేదు. ఈ పనికి ఎవరిని పిలువవలెను, వారిచేత ఏమి చేయింపరాదు, మడ్డి ఎక్కడికి పోవలెను అను విషయములను రైతులకును, గ్రామాధికారులకును తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ట్యాంకును ఎప్పుడు తీయించవలెను?

సెప్టిక్ ట్యాంకు అనగా నీరు కారని విధముగా కట్టిన తొట్టి. మరుగుదొడ్డి నుండి వచ్చిన మలినములో బరువైన భాగము అడుగున మడ్డిగా పేరును. తేలికయైన భాగము పైన తెట్టుగా కట్టును. నడుమనున్న నీరు గొట్టము ద్వారా ఇంకుడు గుంటకు పోవును. గాలి తగులని ఆ తొట్టిలో సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకు జీర్ణము చేయును గాని పూర్తిగా మాయము చేయలేవు. కావున మడ్డి ఏటేటా పెరుగుచుండును.

మడ్డియు తెట్టును కలిసి తొట్టిలో మూడవ వంతు ఆక్రమించినపుడు తీయించుట మంచిది. సాధారణ కుటుంబమునకు ఇది రెండు మూడేండ్లకు ఒకసారి వచ్చును. పది పదిహేనేండ్లు తీయింపక వదలిన తొట్టిలో అడుగు మడ్డి గట్టిపడిపోవును. గట్టిపడిన మడ్డిని యంత్రము పీల్చలేదని చెప్పి మనిషిని దింపుటకు చూచుదురు. ప్రాణాపాయమునకు మొదటి మెట్టు ఇదియే. సకాలములో తీయించుకొన్న ఇంటిలో ఈ ప్రమేయమే రాదు.

అడుగు వరకు గీకించి, కడిగించి, అద్దమువలె చేయించవలెనని కొందరు పట్టుబట్టుదురు. ఇది అనవసరము. పాలు తోడుకొనుటకు కొంచెము మజ్జిగ ఉంచినట్లు, తొట్టిలో కొంచెము పాత మడ్డి మిగిల్చిననే సూక్ష్మజీవులు మరల త్వరగా పెరిగి తమ పని చేయును. కావున అడుగు గీకుటకు మనిషిని దింపుట చట్టరీత్యా నేరము, శాస్త్రరీత్యా దండుగ.

చట్టము ఏమి చెప్పుచున్నది?

చేతులతో మలమెత్తు పనిని నిషేధించుచు మన దేశములో మొదట 1993లో ఒక చట్టము వచ్చినది. అది ముఖ్యముగా పాత పద్ధతి ఎత్తుడు దొడ్లను గురించినది. తరువాత 2013లో పార్లమెంటు ఇంకను విస్తృతమైన చట్టమును చేసినది. చేతులతో మలమెత్తువారిని నియమించుటను నిషేధించి, వారికి పునరావాసము కల్పించు ఈ చట్టము 2013 డిసెంబరు 6వ తేదీ నుండి అమలులో నున్నది. మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను కూడ ఇది స్పష్టముగా పేర్కొన్నది.

ఈ చట్టములోని 7వ సెక్షను ప్రకారము ఏ వ్యక్తియు, ఏ స్థానిక సంస్థయు, ఏ ఏజెన్సీయు సెప్టిక్ ట్యాంకును గాని మురుగు కాలువను గాని అపాయకరమైన పద్ధతిలో శుభ్రపరచుటకు ఎవరినీ నియమింపరాదు. అపాయకరమైన పద్ధతి అనగా, రక్షణ సామగ్రియు, శుభ్రపరచు యంత్ర సాధనములును ఇవ్వక, నియమములలో చెప్పిన జాగ్రత్తలు పాటింపక మనిషిచేత ఆ పని చేయించుట. ఇందులో రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది "ఏ వ్యక్తియు" అను మాట. ఇది కంపెనీలకు, మునిసిపాలిటీలకు మాత్రమే చెప్పినది కాదు. ఇంటి యజమాని కూడ ఇందులో చేరును.

రెండవది "ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని" అను మాట. నేను బండి యజమానితో మాట్లాడుకొన్నాను, మనిషిని తెచ్చినది ఆయన, నాకేమి సంబంధము అని తప్పించుకొనుటకు ఈ మాట అడ్డము వచ్చును.

శిక్షలు ఈ విధముగా నున్నవి. 7వ సెక్షనును ఉల్లంఘించినవారికి మొదటిసారి రెండేండ్ల వరకు జైలు, లేక రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మరల అదే నేరము చేసినచో అయిదేండ్ల వరకు జైలు, లేక అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును. ఈ నేరములలో పోలీసులు వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చును. బెయిలు హక్కుగా లభింపదు. నేరము జరిగిన మూడు నెలల లోపల ఫిర్యాదు చేయవలెనని చట్టము గడువు పెట్టినది గనుక, చూచినవారు ఆలస్యము చేయరాదు.

ఇదిగాక, షెడ్యూల్డు కులములకు గాని షెడ్యూల్డు తెగలకు గాని చెందిన వ్యక్తిచేత ఇతరులు చేతులతో మలమెత్తు పని చేయించుట, అందుకు నియమించుట, అనుమతించుట అత్యాచారముల నిరోధక చట్టము క్రింద కూడ నేరమే. 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము దీనికి ఆరు నెలలకు తక్కువ కాకుండ అయిదేండ్ల వరకు జైలును, జరిమానాయును గలవు. ఊరిలో ఈ పనికి ఎవరిని పిలుతురో, ఏ వాడకు కబురు పోవునో అందరికీ తెలిసిన విషయమే. తరతరములుగా వచ్చిన ఆ వాడుకను ఆపుటకే ఈ చట్టములు పుట్టినవి.

సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పులో, 1993 నుండి మురుగు కాలువలలో, ట్యాంకులలో దిగి మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారమును చెల్లించవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరు 20న ఇచ్చిన మరియొక తీర్పులో ఈ పరిహారమును 30 లక్షలకు పెంచినది. శాశ్వతముగా అంగవైకల్యము పొందినవారికి 20 లక్షలకు తక్కువ కాకుండ ఇవ్వవలెనని చెప్పినది. వందల రూపాయల బాడుగలో మిగులు చూచుకొనుటకు పోయి ఎంతటి భారమును తలపై పెట్టుకొందుమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. పోయిన ప్రాణమునకు ఏ పరిహారమును సాటి రాదు.

ఇంత కఠినమైన చట్టము ఎందుకు?

మూత వేసిన తొట్టిలో మలినము కుళ్లుచున్నపుడు మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు, బొగ్గుపులుసు వాయువు పుట్టును. ప్రాణవాయువు తగ్గిపోవును. హైడ్రోజన్ సల్ఫైడు కొంచెముగా నున్నపుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. ఎక్కువైనపుడు అది ముక్కునకు వాసన తెలియు శక్తినే చంపివేయును. వాసన పోయినది, ఇక భయము లేదని దిగినవాడు కొన్ని ఊపిరులలోనే స్పృహ తప్పి మడ్డిలో పడిపోవును.

ఒకడు పడిపోవుట చూచి, పైనున్నవాడు ఆత్రముతో దిగును. ఆతడును పడిపోవును. అన్నను రక్షింపబోయి తమ్ముడు, కూలివానిని రక్షింపబోయి ఇంటి యజమాని కుమారుడు మరణించిన సంఘటనలు మన దేశములో అనేకము జరిగినవి. నూతిలో దిగునపుడు చేయునట్లు దీపము వ్రేలాడదీసి పరీక్షించుట ఇక్కడ పనికిరాదు. మీథేను అంటుకొని మంట లేచును. ముక్కుకు తువ్వాలు కట్టుకొనుట, కొబ్బరినూనె పూసికొనుట, మద్యము త్రాగి దిగుట ఏమాత్రము రక్షణ నీయవు. ఎవరైన పడిపోయినచో తాను దిగక 101 లేక 112 నంబరునకు కబురు చేసి, మూతలన్నియు తెరచి, పైనుండి త్రాడుతో లాగుటకు మాత్రమే ప్రయత్నింపవలెను.

బండిని కుదుర్చుకొనుటకు ముందు అడుగవలసినవి

ఈ క్రింది అయిదు విషయములను అడిగి తెలిసికొనిన పిమ్మటనే బండిని రమ్మనవలెను.

1. లైసెన్సు లేక నమోదు పత్రము: ట్యాంకులు శుభ్రపరచు బండ్లను స్థానిక సంస్థలు నమోదు చేసి, లైసెన్సు ఇచ్చి, అదుపులో ఉంచవలెనని 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జాతీయ విధానము చెప్పుచున్నది. వరంగల్ నగరపాలక సంస్థ అంతకుముందే, 2016లోనే, ఈ బండ్లకు నియమములు ఏర్పరచినది. మీరు పట్టణము పరిధిలో ఉన్నచో మునిసిపల్ కార్యాలయములోను, గ్రామములో ఉన్నచో పంచాయతీ కార్యాలయములోను ఏ బండ్లు నమోదైయున్నవో విచారింపవలెను. గ్రామములకు వచ్చు బండ్లు ఎక్కువగా దగ్గరి పట్టణమునకు చెందినవే గనుక, ఆ పట్టణపు లైసెన్సు చూపుమని అడుగవచ్చును. పత్రముమీది బండి నంబరును, వచ్చిన బండి నంబరును సరిచూడవలెను. గడువు తేదీని కూడ చూడవలెను. ఒక లైసెన్సుతో నాలుగు బండ్లు త్రిప్పువారు లేకపోలేదు.

2. బండి కాగితములు: రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, బీమా, డ్రైవరు లైసెన్సు ఉండవలెను. మూడవ వ్యక్తి బీమా లేని బండి రోడ్డుమీద తిరుగుటకు మోటారు వాహనముల చట్టము ఒప్పదు. వ్యవసాయపు పనికని మాత్రమే రిజిస్టరైన ట్రాక్టరునకు తొట్టి తగిలించి బాడుగకు త్రిప్పుట పల్లెలలో కనబడుచున్నది. ప్రమాదము జరిగినపుడు బీమా కంపెనీ అభ్యంతరము చెప్పుటకు ఇది అవకాశమిచ్చును. ట్రాక్టరు ఉన్న రైతులు ఈ వ్యాపారములో దిగునపుడు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

3. పని చేయు పద్ధతి: గాలిని లాగివేయు పంపుతో, గొట్టము ద్వారా పైనుండియే మడ్డిని పీల్చవలెను. మడ్డి గట్టిగా నున్నచో నీరు వేగముగా కొట్టి కలియబెట్టి మరల పీల్చవలెను. "అడుగున కొంచెం మిగిలింది, మనిషి దిగి తీస్తాడు, ఇంకో అయిదువందలు ఇవ్వండి" అనినచో ఒప్పుకొనరాదు.

4. పనివారి రక్షణ: చేతులకు తొడుగులు, కాళ్లకు రబ్బరు బూట్లు, మూతికి ముసుగు, ఒంటికి ప్రత్యేక దుస్తులు ఉన్నవా అని చూడవలెను. పైనుండి గొట్టము పట్టుకొనువానికి కూడ ఇవి అవసరమే. వారికి శిక్షణయు, బీమాయు ఉన్నవేమో యజమానిని అడుగవలెను.

5. మడ్డి పోయు చోటు: ఏ ఊరిలో, ఏ శుద్ధి కేంద్రములో పోయుదురో ముందే చెప్పించవలెను. "ఊరి బయట పోస్తాం" అను సమాధానము సమాధానము కాదు. బాడుగ మరీ చౌకగా చెప్పుచున్నచో, శుద్ధి కేంద్రము వరకు పోవు డీజిలు ఖర్చును ఆ బండివాడు మిగుల్చుకొనుచున్నాడని అనుమానింపవలెను.

పని జరుగునపుడు

పని పగటివేళ జరిపించవలెను. రాత్రి వచ్చెదమనువారిని ఒప్పుకొనరాదు. చీకటిలో పనికి వచ్చినవాడు చీకటిలోనే మడ్డిని వదలుటకు అవకాశమున్నది. పని మొదలుపెట్టుటకు ముందు తొట్టి మూతలు తెరచి కొంతసేపు గాలి పోనీయవలెను. చుట్టుప్రక్కల చుట్ట, బీడి, అగ్గిపుల్ల వెలిగింపరాదు. పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను. మూత తెరచి వదలి ఇంటిలోనికి పోరాదు. గొట్టము కారి మడ్డి నేలపై ఒలికినచో సున్నము చల్లించి శుభ్రము చేయించవలెను.

పని పూర్తియైన తరువాత తొట్టిలో నీరు నింపి మూత గట్టిగా బిగించవలెను. భూగర్భజలము పైకి ఉన్న డెల్టా ప్రాంతములలో ఖాళీ తొట్టి క్రింది నీటి ఒత్తిడికి కదలి పగులు అవకాశమున్నది. ఫినాయిలు, ఆమ్లము పోయరాదు. అవి పనికివచ్చు సూక్ష్మజీవులను చంపివేయును.

రశీదు తప్పక తీసికొనవలెను. రశీదులో ఈ వివరములుండవలెను:

(అ) తేదీ, సమయము
(ఆ) ఇంటి యజమాని పేరు, ఇంటి నంబరు
(ఇ) బండి యజమాని పేరు, లైసెన్సు నంబరు, బండి నంబరు
(ఈ) తీసిన మడ్డి సుమారు ఎన్ని లీటర్లు
(ఉ) పోయు చోటు
(ఊ) మనిషి తొట్టిలో దిగలేదను మాట
(ఋ) చెల్లించిన బాడుగ, ఉభయుల సంతకములు

అచ్చు రశీదు లేకపోయినచో తెల్లకాగితముమీద వ్రాయించుకొనినను చాలును. రేపు ఆ మడ్డి చెరువులోనో కాలువలోనో కనబడినపుడు, మీరు విచారించి, సరియైనవానికే అప్పగించితిరని చూపు ఆధారము ఆ కాగితమే.

మడ్డిని నీటిలో పోయుట నేరము

1974 జలకాలుష్య నివారణ చట్టములోని 24వ సెక్షను వాగులలో, బావులలో, మురుగు కాలువలలో, నేలపైన కూడ తెలిసి తెలిసి కాలుష్య పదార్థములను వదలుటను నిషేధించుచున్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షను ప్రకారము, ప్రజలు వాడు ఊటను గాని జలాశయమును గాని బుద్ధిపూర్వకముగా మలినపరచి, మామూలు వాడుకకు తగనట్లు చేసినవారికి ఆరు నెలల వరకు జైలు, లేక అయిదువేల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. త్రాగునీటి చెరువు గట్టున బండి నిలిపి గొట్టము విప్పినవానికిది వర్తించును. చూచినవారు బండి నంబరు, సమయము వ్రాసికొని, వీలైనచో ఫొటో తీసి, పంచాయతీ కార్యదర్శికిని పోలీసులకును వెంటనే తెలుపవలెను.

నా పొలములో పోయించుకొనవచ్చునా?

ఈ ప్రశ్న నన్ను చాలమంది రైతులు అడుగుచుందురు. "ఊరికే వచ్చే ఎరువు కదా సార్, పాతకాలంలో వాడలేదా?" అని వారి వాదము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. మలములో నత్రజని, భాస్వరము ఉన్న మాట వాస్తవమే. అయితే పాతకాలపు పద్ధతికిని, ఇప్పుడు బండి గొట్టము విప్పి చేలో వదలుటకును చాల భేదమున్నది.

బెంగుళూరులో డాక్టరు సి. ఎన్. ఆచార్య రూపొందించిన కంపోస్టు పద్ధతిని పూర్వము వ్యవసాయ శాఖలు ప్రచారము చేసినవి. దానిలో సుమారు 90 సెంటీమీటర్ల లోతు కందకము త్రవ్వి, 15 సెంటీమీటర్లు చెత్త, 5 సెంటీమీటర్లు మలము చొప్పున పొరలు పొరలుగా నింపి మట్టితో కప్పుదురు. వారము రోజులలో లోపలి వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడును దాటి, రెండు మూడు వారములు నిలుచును. ఆ వేడికి రోగక్రిములును, పురుగుల గ్రుడ్లును చచ్చును. నాలుగు నుండి ఆరు నెలలకు వాసన లేని ఎరువు తయారగును. అక్కడ రోగమును చంపినది వేడి. తొట్టిలోని మడ్డికి అటువంటి వేడి తగులలేదు. అందులో అధిక భాగము నీరు. తక్కినదానిలో సబ్బు నీరు, ప్లాస్టిక్కు ముక్కలు, పిల్లల డయపర్లు, ఏలికపాముల గ్రుడ్లు ఉండును. ఏలికపాము గ్రుడ్డు నేలలో నెలల తరబడి చావక ఉండగలదు. కొంకిపురుగు పిల్లలు చెప్పులు లేకుండ చేలో దిగిన కూలివారి అరికాళ్లలో నుండి ఒంటిలోనికి దూరును. పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్టు వంటి పంటలపై పడినచో ఆ గ్రుడ్లు తిన్నగా భోజనపు పళ్లెములోనికి చేరును.

కావున పచ్చిమడ్డిని ఏ పంట చేలోను పోయించుకొనరాదు. శుద్ధి కేంద్రములో ఆరబెట్టి, రోగక్రిములు లేకుండ చేసి, పరీక్ష జరిపి ఇచ్చిన ఎరువును మాత్రమే వాడవలెను. పరీక్ష నివేదికను చూపుమని అడుగుటకు రైతునకు అధికారము గలదు. మన వాతావరణమువంటి వేడి ప్రదేశములలో, క్రొత్త మలినము కలుపక ఒక సంవత్సరమునకు పైగా నిలువ ఉంచిన పిమ్మటనే మలపు ఎరువును వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో సూచించినది. అట్టిదానిని కూడ పచ్చిగా తిను కూరలకు వాడక, దుక్కిలో కలియదున్ని, చెట్లకును, పశుగ్రాసము కాని పైర్లకును వాడుట క్షేమము.

గ్రామాధికారులు చేయవలసినవి

సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు పూనుకొననిదే ఇంటి యజమాని ఒక్కడు చేయగలిగినది స్వల్పము. ఈ క్రింది పనులు పంచాయతీ చేతిలో నున్నవి.

గ్రామములో సెప్టిక్ ట్యాంకులున్న ఇండ్ల జాబితా తయారుచేసి, ప్రతి తొట్టిని చివర తీయించిన సంవత్సరమును వ్రాయవలెను. గ్రామమునకు వచ్చు బండ్లను రిజిస్టరులో నమోదు చేసి, వారి పేర్లు, బాడుగ రేట్లు పంచాయతీ నోటీసు బోర్డుమీద ప్రకటింపవలెను. గోడలమీది ఫోను నంబరుకు బదులు జనులు ఈ బోర్డును చూచుట నేర్చుకొందురు. మనిషిని దింపరాదు, నీటిలో గాని పొలములో గాని పోయరాదు, ప్రతి పనికి రశీదు ఇవ్వవలెను అను మూడు షరతులను గ్రామసభ తీర్మానములో చేర్చవలెను. తప్పిన బండిని జాబితానుండి తొలగింపవలెను.

దగ్గరి పట్టణములో శుద్ధి కేంద్రము ఉన్నదేమో తెలిసికొని, గ్రామపు బండ్లు అక్కడ పోయుటకు మునిసిపాలిటీతో ఏర్పాటు చేసికొనవలెను. తెలంగాణములో వరంగల్, ఆంధ్రప్రదేశములో నరసాపురము వంటి పట్టణములలో ఇట్టి కేంద్రములు ఏర్పడినవి. అది అందుబాటులో లేనిచోట, ఇంజనీరు సలహాతో, త్రాగునీటి బావులకు దూరముగా, భూగర్భజలము లోతుగా ఉండి వరద నీరు రాని స్థలములో లోతైన కందకములు తీసి, మడ్డి పోసి, మట్టి కప్పి, పైన చెట్లు నాటు పద్ధతి గలదు. దీనిని పంచాయతీ తీర్మానముతో, పర్యవేక్షణలో జరుపవలెనే గాని ఎవరికి వారు చేయరాదు.

పాఠశాల, వసతిగృహము, కల్యాణ మండపము వంటి చోట్ల తొట్లు పెద్దవి. వాటిని తీయించునపుడు కార్యదర్శి స్వయముగా నిలువవలెను. పంచాయతీ సొంత పనికి మనిషిని దింపినచో చట్టము పంచాయతీని కూడ విడువదు.

క్రొత్తగా కట్టుకొనువారికి ఒక సూచన

భూగర్భజలము లోతుగా ఉన్న గ్రామములలో క్రొత్తగా మరుగుదొడ్డి కట్టుకొనువారు సెప్టిక్ ట్యాంకుకు బదులు జంటగుంటల దొడ్డిని ఆలోచింపవలెను. ఒక గుంట నిండినపుడు దానిని మూసి రెండవదానిని వాడుదురు. మూసిన గుంటలోనిది ఏడాదిన్నర రెండేండ్లకు ఆరి, వాసన లేని మట్టివంటి ఎరువగును. 2017 ఫిబ్రవరిలో వరంగల్ సమీపములోని గంగదేవిపల్లిలో, కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, ఇతర అధికారులు ఇట్టి గుంటలోనికి తామే దిగి ఎరువును ఎత్తి చూపిరి. ఆ గుంటను చూచి, మూసియుంచిన సెప్టిక్ ట్యాంకు కూడ అట్టిదేనని భ్రమపడరాదు. ఒకటి ఆరిన గుంట. రెండవది విషవాయువు నిండిన తొట్టి. జంటగుంటల దొడ్డికి బండి అక్కర లేదు, బాడుగ లేదు. రైతునకు ఎరువు మిగులును.

ముగింపు

మొదట చెప్పిన వంగతోట రైతు ఆ తరువాత తన వీధిలోని పది ఇండ్లవారిని కూర్చుండబెట్టి, ఒకే లైసెన్సు బండిని ఒకే రోజున పగటివేళ పిలుచునట్లు ఏర్పాటు చేసెను. పది తొట్లకు ఒకేసారి పని దొరకుట వలన బండివాడు పట్టణములోని శుద్ధి కేంద్రము వరకు పోయి పోయుటకు ఒప్పుకొనెను. ఒక్కొక్క ఇంటికి బాడుగ కూడ తగ్గినది. ఇది ఏ గ్రామములోనైనను సాధ్యమే.

రైతు సోదరులారా! మన ఇంటి మలినము మన గుమ్మము దాటినంతమాత్రమున మనది కాకుండ పోదు. అది మరియొకరి ఊపిరిని తీయకుండ, మన కాలువకే తిరిగి రాకుండ చూచు పూచీ మనదే. కావున బండికి కబురు చేయుటకు ముందు "నీ లైసెన్సు ఏది? మనిషిని దింపుదువా? ఎక్కడ పోయుదువు?" అని అడుగుడు. మూడింటికిని సరియైన సమాధానము వచ్చిననే బాడుగ మాట మాట్లాడుడు.